కెనాఫ్, రోజెల్: గోగు పేరుతో సాగవుతున్న రెండు హైబిస్కస్ జాతుల తులనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెట్ట భూముల్లో తొలకరికి ముందు కురిసే జల్లులకు విత్తే నారపంట గోగు. రాష్ట్రమంతటా పెరటిలోనూ తోటలోనూ ఆకు కోసం పెంచే కూర గోంగూర. ఈ రెండు పేర్ల వెనుక రెండు వేర్వేరు వృక్షజాతులున్నాయి. ఒకటి హైబిస్కస్ కన్నాబినస్, అంటే కెనాఫ్. మరొకటి హైబిస్కస్ సబ్డారిఫా, అంటే రోజెల్. రెండింటి ఆకూ పుల్లగా ఉంటుంది, రెండింటి బెరడు నుండీ నార వస్తుంది, రెండింటి పూలూ దూరానికి ఒకే విధంగా కనిపిస్తాయి. అందువలన రైతు వాడుకలోనూ, విత్తన వ్యాపారంలోనూ, నార విపణిలోనూ ఇవి ఒకే పేరుతో చెలామణి అవుతున్నాయి.

పేరు ఒకటైనంత మాత్రాన పొలంలో వీటి ప్రవర్తన ఒకటి కాదు. నీరు నిలిచే చేలో ఒకటి తట్టుకుంటే మరొకటి మొదలు కుళ్ళి చనిపోతుంది. కూరగాయల తరువాత విత్తిన నేలలో ఒకటి నులిపురుగుల వలన గిడసబారితే మరొకటి నిలబడుతుంది. ఒకటి త్వరగా కోతకు వచ్చి తదుపరి పంటకు అవకాశమిస్తే, మరొకటి పొలాన్ని మరికొన్ని వారాలు ఆక్రమిస్తుంది. విత్తనం ఏ జాతిదో తెలియకుండా విత్తిన రైతుకు ఈ తేడా పంట మధ్యలో నష్టరూపంలో మాత్రమే తెలుస్తుంది. ఈ రెండు జాతులను వేరుగా గుర్తించే విధానాన్ని, వాటి స్వభావంలోని తేడాలను, ఏ పరిస్థితికి ఏ జాతి అనుకూలమో ఈ వ్యాసం వివరిస్తుంది.

పేర్లు, వాటి వలన కలిగే సందిగ్ధత

తెలుగులో మొక్క పేరు గోగు. దాని ఆకుకూర గోగుకూర, అదే గోంగూరగా స్థిరపడింది. దాని నార గోగునార. తెలంగాణలో ఈ కూరనే పుంటికూర అంటారు. హిందీ, మరాఠీ ప్రాంతాల్లో అంబాడీ అనే పేరు కూడా రెండు జాతులకూ వాడుకలో ఉంది. నార వ్యాపారంలో రెండింటి నారనూ కలిపి మెస్టా అని వ్యవహరిస్తారు.

కెనాఫ్ నారకు అంతర్జాతీయ విపణిలో ఒకప్పుడు ఉన్న పేరు ‘బిమ్లీపటం జ్యూట్’. విశాఖపట్నానికి ఉత్తరాన గల భీమునిపట్నం రేవు నుండి ఎగుమతి కావడం వలన ఆ నారకు రేవు పేరే పేరయింది. థాయిలాండ్ నుండి వచ్చిన రోజెల్ నారను ‘సియామ్ జ్యూట్’ అనేవారు. వీటిలో ఏదీ నిజమైన జనపనార కాదు. జనపనార మొక్క కార్కోరస్ ప్రజాతికి చెందినది.

వాడుకలోని మరొక విభజన ఎర్ర గోంగూర, తెల్ల గోంగూర అన్నది. కాడ, తొడిమ ఎర్రగా ఉంటే ఎర్ర గోంగూర, ఆకుపచ్చగా ఉంటే తెల్ల గోంగూర. ఎర్రది రోజెల్ అనీ, తెల్లది కెనాఫ్ అనీ చాలామంది భావిస్తారు. ఇది పూర్తిగా సరికాదు. ఎరుపునకు కారణం ఆంథోసయనిన్ అనే వర్ణద్రవ్యం. అది రెండు జాతుల్లోనూ ఉండవచ్చు, లేకపోవచ్చు. ఎర్ర కాడ గల కెనాఫ్ రకాలున్నాయి, ఆకుపచ్చ కాడ గల రోజెల్ రకాలూ ఉన్నాయి. కాబట్టి రంగు రకాన్ని సూచించగలదే గాని జాతిని నిర్ణయించదు.

వర్గీకరణ, జన్యు సంబంధం

రెండు జాతులూ మాల్వేసీ కుటుంబంలోని హైబిస్కస్ ప్రజాతికి చెందినవి. పత్తి, బెండ, మందార ఇదే కుటుంబంలోనివి. లిన్నేయస్ రోజెల్‌ను 1753లోనూ, కెనాఫ్‌ను 1759లోనూ నామకరణం చేశాడు. హైబిస్కస్ ప్రజాతిలో ఈ రెండూ ఫర్కేరియా అనే విభాగం కిందికి వస్తాయి. రెండింటి జన్మస్థానమూ ఆఫ్రికా ఖండమే. రోజెల్ భారతదేశంలో గాని మలయా ప్రాంతంలో గాని పుట్టినదని పాత గ్రంథాల్లో కనిపించినా, దాని వన్య బంధువులు ఆఫ్రికాలో ఉండటం వలన నేడు ఆ అభిప్రాయం నిలబడటం లేదు.

వీటి మధ్య దగ్గరితనాన్ని, దూరాన్ని క్రోమోజోముల సంఖ్య స్పష్టం చేస్తుంది. కెనాఫ్ ద్వయస్థితిక మొక్క, దాని కణాల్లో 36 క్రోమోజోములుంటాయి. రోజెల్ చతుస్థితిక మొక్క, దానిలో 72 ఉంటాయి. మెంజెల్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు 1960వ దశకంలో జరిపిన సంకరణ అధ్యయనాల ప్రకారం కెనాఫ్‌లో ఉన్న జన్యుసముదాయాన్ని ‘ఎ’ అని గుర్తిస్తే, రోజెల్‌లో ఆ ‘ఎ’ సముదాయంతో పాటు ‘వై’ అనే మరొక సముదాయం కూడా ఉంది. అంటే రోజెల్‌లోని జన్యు వారసత్వంలో సగం కెనాఫ్‌కు దగ్గరిది, మిగిలిన సగం వేరొక పూర్వీకుని నుండి వచ్చినది. ఒకే రుచి, ఒకే తరహా నార, ఒకే పోలిక గల పువ్వు ఉండి కూడా నీటిని, తెగులును తట్టుకునే తీరులో రెండూ వేరుపడటం ఈ నేపథ్యంలో ఆశ్చర్యకరం కాదు.

దీనికి ఆచరణాత్మక ఫలితాలు రెండున్నాయి. మొదటిది, 36 క్రోమోజోముల మొక్కను 72 క్రోమోజోముల మొక్కతో సంకరపరిస్తే 54 క్రోమోజోములు గల త్రయస్థితిక సంతతి వస్తుంది, అది సాధారణంగా వంధ్యం. అందువలన రోజెల్‌లోని నులిపురుగు నిరోధకతను కెనాఫ్‌లోకి తేవడం ప్రజననకారులకు సులభసాధ్యం కాలేదు. రెండవది, రైతు పొలంలో ఈ రెండు జాతులూ పక్కపక్కన ఉన్నా ఒకదానితో ఒకటి సహజంగా సంకరమై మధ్యరకం మొక్కలు స్థిరపడవు. ఒక చేలో రెండు రకాల మొక్కలు కలిసి కనిపిస్తే, అది కళ్లంలోనో సంచిలోనో జరిగిన విత్తన మిశ్రమమే.

రోజెల్ జాతిలో రెండు ప్రధాన ఉపరకాలున్నాయి. ఆల్టిస్సిమా అనే ఉపరకం కొమ్మలు తక్కువగా, నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది. ఇది నార కోసం సాగయ్యే రకం. సబ్డారిఫా అనే ఉపరకం పొదవలె కొమ్మలు వేసి, కండగల ఎర్రని రక్షకపత్రావళిని ఇస్తుంది. ఇది పానీయాలు, జామ్, పచ్చళ్ల కోసం సాగయ్యే రకం. కెనాఫ్‌లో ఇటువంటి కండగల రక్షకపత్రావళి లేదు.

పొలంలో గుర్తించే విధానం

లేత దశలో రెండింటినీ వేరుచేయడం కష్టం. రెండింటిలోనూ కింది ఆకులు చీలికలు లేకుండా ఉండి, పై ఆకులు హస్తాకారంగా చీలుతాయి. కెనాఫ్‌లో చీలికలు సాధారణంగా లోతుగా, సన్నగా ఉంటాయి. అయితే చీలికలు లేని ఆకులు గల కెనాఫ్ రకాలు కూడా సాగులో ఉన్నందున ఆకు ఒక్కటే ఆధారం కారాదు. కెనాఫ్ కాండం మీద చిన్న ముళ్లు చేతికి తగులుతాయి. రోజెల్ కాండం సాధారణంగా నునుపుగా ఉంటుంది గాని, నార రకాల్లో కొన్నింటి మీద నూగు, గరుకు రోమాలు కనిపిస్తాయి. కనుక కాండం కూడా పూర్తి నమ్మకమైన గుర్తు కాదు.

నిర్ణయాత్మకమైన గుర్తు పువ్వు కింది భాగంలో ఉంది. పూత మొదలైన తరువాత రక్షకపత్రావళిని పరిశీలిస్తే సందేహానికి తావుండదు. కెనాఫ్‌లో రక్షకపత్రాలు సన్నగా, పొడవుగా, మొనదేలి, గరుకు రోమాలతో ఉంటాయి. కాయ ముదిరినా అవి కండపట్టవు. వాటి కింద ఉండే లఘుపుచ్ఛాలు 7 లేక 8 సన్నని పోగులవలె విడివిడిగా ఉంటాయి. రోజెల్‌లో లఘుపుచ్ఛాలు 8 నుండి 12 వరకు ఉండి, అడుగున రక్షకపత్రావళితో కలిసిపోతాయి. పువ్వు రాలిన తరువాత రక్షకపత్రాలు పెరిగి కాయను కప్పివేస్తాయి. తినే రకాల్లో అవి మందంగా, రసవంతంగా మారతాయి. నార రకాల్లో అంత కండ ఉండదు గాని, కాయను ఆవరించే స్వభావం మాత్రం ఉంటుంది.

పువ్వులో కూడా తేడా ఉంది. కెనాఫ్ పువ్వు పెద్దది, లేత పసుపు రంగులో ఉండి మధ్యలో ముదురు ఎరుపు మచ్చ ఉంటుంది. రోజెల్ పువ్వు కొంత చిన్నది, లేత పసుపు లేక గులాబి ఛాయలో ఉంటుంది. రెండింటిలోనూ పువ్వు తెల్లవారుజామున విచ్చుకొని ఆ రోజే ముడుచుకుపోతుంది. కెనాఫ్ కాయ మొనదేలి, దురద పుట్టించే నూగుతో ఉంటుంది.

ప్రధాన భేదాలను ఈ కింది పట్టికలో చూడవచ్చు.

| లక్షణం | కెనాఫ్ | రోజెల్ |
|---|---|---|
| క్రోమోజోముల సంఖ్య | 36 | 72 |
| కాండం | చిన్న ముళ్లు ఉంటాయి | సాధారణంగా నునుపు, కొన్నింటిలో రోమాలు |
| లఘుపుచ్ఛాలు | 7-8, విడివిడిగా | 8-12, అడుగున కలిసి |
| రక్షకపత్రావళి | సన్నగా, గరుకుగా, కండ లేకుండా | కాయను కప్పుతూ, తినే రకాల్లో కండతో |
| పంటకాలం | తక్కువ | ఎక్కువ |
| బెట్ట | మధ్యస్థంగా తట్టుకుంటుంది | బాగా తట్టుకుంటుంది |
| నీటి నిల్వ | ఎదిగిన దశలో కొంత తట్టుకుంటుంది | తట్టుకోలేదు |
| వేరుబుడిపె నులిపురుగు | లొంగిపోతుంది | తట్టుకుంటుంది |

పగటి నిడివి, పంటకాలం

రెండు జాతులూ హ్రస్వదిన మొక్కలు. పగటి సమయం ఒక పరిమితికి తగ్గినప్పుడే ఇవి పూతకు వస్తాయి. పూత మొదలైతే కాండం ఎదుగుదల మందగిస్తుంది. నార దిగుబడి కాండం ఎత్తు, మందం మీద ఆధారపడుతుంది గనుక, పూతకు ముందు మొక్కకు ఎన్ని రోజులు దొరికాయన్నదే దిగుబడిని నిర్ణయిస్తుంది.

ఆమదాలవలస పరిసరాలు సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉన్నాయి. అక్కడ జూన్ చివరలో పగటి సమయం 13 గంటలు దాటుతుంది, ఆగస్టు చివరకు సుమారు పన్నెండున్నర గంటలకు, సెప్టెంబరు చివరకు 12 గంటల దరికి తగ్గుతుంది. సాగులోని కెనాఫ్ రకాల్లో ఎక్కువ భాగం పన్నెండున్నర గంటల పరిమితి వద్దనే స్పందించి ముందుగా పూస్తాయి. రోజెల్ మరింత తక్కువ పగలు వచ్చే వరకు శాఖీయంగా పెరుగుతూనే ఉంటుంది, అక్టోబరు, నవంబరు నెలల్లో పూతకు వస్తుంది. అందువలన మేలో విత్తిన రోజెల్‌కూ, జులైలో విత్తిన రోజెల్‌కూ పూత దాదాపు ఒకే కాలంలో వస్తుంది. ఆలస్యంగా విత్తిన రైతుకు పంటకాలం తగ్గి కాడలు పొట్టిగా మిగులుతాయి. విత్తే తేదీలో జరిగిన ఆలస్యాన్ని ఎరువు పూడ్చలేకపోవడానికి కారణం ఇదే.

నార కోసం కెనాఫ్ సుమారు 120 నుండి 130 రోజుల్లో కోతకు వస్తుంది. రోజెల్‌కు అంతకన్నా ఎక్కువ సమయం కావాలి. ఉత్తర కోస్తా మెట్ట సేద్యంలో గోగు తరువాత ఉలవలు వేసే ఆనవాయితీ ఉంది. కెనాఫ్ వేసిన పొలంలో నేలలో ఇంకా తేమ ఉండగానే ఉలవలు విత్తుకునే వీలుంటుంది. రోజెల్ వేస్తే ఆ వీలు తగ్గుతుంది. వర్షాలు ముందుగా ఆగిపోయే సంవత్సరాల్లో ఈ కొద్ది వారాల తేడాయే రెండవ పంట ఉంటుందా లేదా అన్నదానిని నిర్ణయిస్తుంది.

ఆకుకూరగా పెంచేవారికి కూడా పగటి నిడివి ముఖ్యమే. శీతాకాలంలో విత్తిన గోంగూర త్వరగా పూతకు వచ్చి ఆకు చిన్నదవుతుంది. ఆ కాలంలో దగ్గర దగ్గరగా విత్తి, 30 నుండి 40 రోజుల్లో వేళ్లతో సహా పీకి కట్టలు కట్టడం మేలు. కొమ్మలు తుంచుతూ ఎక్కువ కాలం ఆకు కోయాలంటే వేసవి, తొలకరి విత్తనాలే అనుకూలం.

నేల, నీరు

రెండు జాతులూ ఎర్ర నేలల్లోనూ, ఒండ్రు కలిసిన గరప నేలల్లోనూ బాగా పెరుగుతాయి. తేడా నీటి విషయంలో ఉంది. రోజెల్ తల్లివేరు లోతుగా పోతుంది, బెట్టను ఓర్చుకుంటుంది, సారం తక్కువ నేలలోనూ పంటనిస్తుంది. కాని మొదళ్ల చుట్టూ నీరు నిలిస్తే ఓర్చుకోదు. కెనాఫ్ లేత దశలో నీటి నిల్వకు లొంగినా, ఎదిగిన తరువాత కొంతకాలం నిలిచిన నీటిని తట్టుకుంటుంది. కాని దీర్ఘమైన బెట్టలో దాని పెరుగుదల త్వరగా కుంటుపడుతుంది.

కాబట్టి వర్షం మీదనే ఆధారపడిన ఎత్తైన మెట్టకు రోజెల్, తేమ నిలిచే పల్లపు అంచులకు కెనాఫ్ అన్నది స్థూలమైన నియమం. ఒకే రైతుకు రెండు తరహాల భూమి ఉన్నప్పుడు ఒకే సంచిలోని విత్తనాన్ని రెండు చోట్లా చల్లడం వలన ఏదో ఒక చోట పంట దెబ్బతినడం తప్పదు.

నార పంటకు వరుసల మధ్య 30 సెం.మీ., మొక్కల మధ్య 10 సెం.మీ. దూరం పాటిస్తే హెక్టారుకు సుమారు 3.3 లక్షల మొక్కలుంటాయి. ఈ సాంద్రతలో మొక్కలు కొమ్మలు వేయక నిటారుగా పెరుగుతాయి. వరుసల్లో విత్తడానికి హెక్టారుకు 12 నుండి 15 కిలోల విత్తనం సరిపోతుంది. వెదజల్లితే విత్తనం ఎక్కువ అవసరం కావడమే గాక, సన్నకాడలు మిగిలి నార నష్టమవుతుంది. రక్షకపత్రాల కోసం పెంచే రోజెల్‌కు మాత్రం ఇందుకు విరుద్ధమైన పద్ధతి కావాలి. మొక్క పొదగా విస్తరించేందుకు వీలుగా వరుసల మధ్య మీటరు వరకు దూరం ఇవ్వాలి.

తెగుళ్లు, పురుగులు

రోజెల్‌ను అధికంగా నష్టపరిచేది మొదలుకుళ్ళు తెగులు. ఫైటోఫ్తోరా పారాసిటికా అనే, శిలీంధ్రాన్ని పోలిన సూక్ష్మజీవి దీనికి కారణం. రోజెల్‌ను ఆశించే ప్రభేదానికి ఆ మొక్క పేరు మీదుగానే సబ్డారిఫే అనే పేరు వచ్చింది. నేలకు దగ్గరగా కాండం మీద నల్లని మచ్చ ఏర్పడి చుట్టూ వ్యాపిస్తుంది, మొక్క వాడి పడిపోతుంది. నీరు నిలిచిన చోట ఇది వేగంగా పాకుతుంది. మురుగు నీటి కాలువలు తీయడం, కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపి విత్తనశుద్ధి చేయడం, తెగులు సోకిన పొలంలో వరుసగా రోజెల్ వేయకపోవడం ప్రధాన నివారణ చర్యలు.

కెనాఫ్‌కు ప్రధాన శత్రువు వేరుబుడిపె నులిపురుగు. మెలాయిడోగైన్ ప్రజాతికి చెందిన ఈ నులిపురుగులు వేళ్ల మీద బుడిపెలు కలిగించి నీరు, పోషకాలు పైకి పోకుండా అడ్డుకుంటాయి. టమాట, వంగ, బెండ వంటి పంటలు వరుసగా వేసిన తేలిక నేలల్లో ఈ సమస్య తీవ్రంగా ఉంటుంది. అటువంటి నేలలకు రోజెల్ మంచి ప్రత్యామ్నాయం. కెనాఫ్‌కు ఆంత్రాక్నోస్ కూడా ప్రమాదకరమైనదే. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆసియా నుండి జనపనార సరఫరా తెగిపోగా, అమెరికా, క్యూబా దేశాల్లో కెనాఫ్ సాగును చేపట్టారు. ఆ పంటను ఈ తెగులు తీవ్రంగా దెబ్బతీయడం వలన నిరోధక రకాల కోసం వెదకవలసి వచ్చింది.

ఎల్లో వీన్ మొజాయిక్ వైరస్ తెగులు రెండు జాతులకూ సోకుతుంది. దీనిని తెల్లదోమ వ్యాప్తి చేస్తుంది. ఈనెలు పసుపు రంగుకు మారి క్రమంగా ఆకంతా పసుపుబారుతుంది. తెగులు సోకిన మొక్కలను తొలిదశలోనే పీకివేయాలి. పిండినల్లి ఆశించినపుడు చిగుళ్లు గుబురుగా ముడుచుకుపోయి కాండం ఎదుగుదల ఆగిపోతుంది. ఆకుకూర కోసం పెంచే మడుల్లో కోతకు దగ్గరగా రసాయనిక మందులు వాడరాదు, వేప సంబంధిత మందులతో సరిపెట్టుకోవాలి.

నార, ఊరబెట్టే పద్ధతి

రెండు జాతుల్లోనూ సగం మొక్కలు పూతకు వచ్చిన దశలో కోత కోస్తే దిగుబడి, నాణ్యత రెండూ బాగుంటాయి. ఇంకా ముందు కోస్తే నార మెత్తగా ఉన్నా తూకం తగ్గుతుంది. కాయ ముదిరాక కోస్తే నార గరుకుగా మారుతుంది. మంచి యాజమాన్యంలో హెక్టారుకు 40 నుండి 50 టన్నుల పచ్చి కాడ, దాని నుండి 20 నుండి 25 క్వింటాళ్ల ఎండు నార లభిస్తుంది. అంటే పచ్చి బరువులో సుమారు 5 శాతం మాత్రమే నార.

నార నాణ్యత చేలో కన్నా చెరువులో ఎక్కువగా నిర్ణయమవుతుంది. కోసిన కాడలను ఆకు రాలే వరకు చేలోనే ఉంచి, కట్టలు కట్టి, మొదళ్లు మందంగా ఉంటాయి గనుక ముందు రెండు మూడు రోజులు మొదళ్లను మాత్రమే నీటిలో నిలబెట్టాలి. తరువాత కట్టలను అడ్డంగా పరిచి నీటిలో మునిగేలా బరువు పెట్టాలి. బరువు కోసం మట్టిపెళ్లలు, అరటి బోదెలు వాడితే నార నల్లబడుతుంది. రోజెల్ కాడలు ఊరడానికి కెనాఫ్ కన్నా సాధారణంగా ఎక్కువ సమయం తీసుకుంటాయి. రెండు జాతుల కాడలనూ కలిపి ఒకే కట్టగా ఊరబెడితే కెనాఫ్ అతిగా ఊరి నార బలహీనపడుతుంది, రోజెల్ సరిగా ఊరక బెరడు తునకలు నారకు అంటుకొని ఉంటాయి. నాణ్యత తరగతి తగ్గడానికి విత్తన మిశ్రమం ఈ విధంగా కూడా కారణమవుతుంది.

నిలవ నీటిలో ఊరబెట్టేటప్పుడు కాడల బరువుకు సుమారు 20 రెట్ల నీరు అవసరం. 45 టన్నుల కాడకు ఇది 900 టన్నుల నీరవుతుంది. చెరువులు, గుంటలు ఎండిపోతున్న ప్రాంతాల్లో గోగు విస్తీర్ణం తగ్గడానికి ధరలతో పాటు ఈ నీటి అవసరమూ ఒక కారణమే. పచ్చి కాడ నుండి బెరడును పట్టీలుగా ఒలిచి, ఆ పట్టీలను మాత్రమే ఊరబెట్టే పద్ధతిలో నీటి అవసరం, ఊరే సమయం రెండూ గణనీయంగా తగ్గుతాయి. బారక్‌పూర్‌లోని కేంద్రీయ జనపనార, అనుబంధ నారల పరిశోధనా సంస్థ రూపొందించిన ‘క్రైజాఫ్ సోనా’ అనే సూక్ష్మజీవుల పొడి కూడా ఊరే సమయాన్ని తగ్గించి, నార రంగును మెరుగుపరుస్తుంది.

నారతో పాటు కెనాఫ్‌కు కాగితపు గుజ్జు పరిశ్రమలో ప్రాధాన్యముంది. దాని బెరడులోని పోగులు పొడవైనవి, సగటున రెండున్నర మిల్లీమీటర్లు ఉంటాయి. లోపలి కట్టెలోని పోగులు పొట్టివి. కలప లేని కాగితం కోసం అమెరికా వ్యవసాయ శాఖ సుమారు 500 వృక్షజాతులను పరిశీలించి కెనాఫ్‌ను అత్యంత ఆశాజనకమైనదిగా ఎంపిక చేసింది. మలేసియాలో పొగాకుకు ప్రత్యామ్నాయంగా కెనాఫ్ సాగును ప్రభుత్వమే ప్రోత్సహిస్తున్నది.

ఆకు, రక్షకపత్రాలు

ఆకుకూరగా రెండు జాతులూ వాడుకలో ఉన్నాయి. పులుపు రెండింటిలోనూ ఉన్నా, రోజెల్ ఆకులో సాధారణంగా ఎక్కువ. అందుకే నిలవ పచ్చడికి పులుపు ఎక్కువైన ఎర్రకాడ ఆకును, పప్పులోకి, పులుసుకూరలోకి పులుపు తక్కువైన ఆకును ఎంచుకోవడం అనేక కుటుంబాల్లో ఆనవాయితీ. గోంగూరలో ఇనుము, కాల్షియం ఉన్నా ఆక్జాలిక్ ఆమ్లం కూడా ఉండటం వలన ఆ ఖనిజాలు శరీరానికి పూర్తిగా అందవు. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు దీనిని మితంగా తీసుకోవాలి.

రక్షకపత్రాల విషయంలో మాత్రం పోలిక లేదు, అది రోజెల్‌కు మాత్రమే ఉన్న ప్రత్యేకత. సూడాన్, ఈజిప్టు దేశాల్లో ఎండిన రక్షకపత్రాలతో చేసే పానీయాన్ని కర్కదే అంటారు. సూడాన్‌లోని కొర్డొఫాన్ ప్రాంతంలో వర్షాధార ఇసుక నేలల్లో దీనిని ఎగుమతి పంటగా పండిస్తారు. డెల్ఫినిడిన్, సయనిడిన్ ఆధారిత ఆంథోసయనిన్‌లు దాని ఎరుపునకు, సేంద్రియ ఆమ్లాలు దాని పులుపునకు కారణం. పువ్వు విచ్చిన సుమారు మూడు వారాల్లోపు, కాయ ముదిరి పగలక ముందే రక్షకపత్రాలను కోయాలి. వాటిలో సింహభాగం నీరే గనుక నీడలో పలుచగా పరిచి త్వరగా ఆరబెట్టకపోతే బూజు పట్టి రంగు చెడుతుంది. కోత, కాయ తొలగింపు చేతిపనులే కావడం వలన కూలి ఖర్చును లెక్కించుకొని, కొనుగోలుదారు ఖాయమైన తరువాతనే విస్తీర్ణం నిర్ణయించుకోవాలి. నార రకం విత్తి రక్షకపత్రాల ఆదాయాన్ని ఆశించడం గాని, పొద రకం విత్తి నార ఆశించడం గాని వృథా ప్రయాస.

విత్తన ఎంపిక, శుద్ధత

విడుదలైన రకాల పేర్లలోనే జాతిని తెలిపే సూచన కొన్నిచోట్ల ఉంది. హెచ్.సి. 583 వంటి పేర్లలోని రెండు అక్షరాలు హైబిస్కస్ కన్నాబినస్‌ను, హెచ్.ఎస్. 4288, హెచ్.ఎస్. 7910 వంటి పేర్లలోనివి హైబిస్కస్ సబ్డారిఫాను సూచిస్తాయి. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలోని ఆమదాలవలస వ్యవసాయ పరిశోధనా స్థానం నుండి వెలువడిన ఎ.ఎం.వి. వరుస రకాలు రోజెల్‌కు, ఎ.ఎం.సి. 108 కెనాఫ్‌కు చెందినవి. సంచి మీద ‘గోగు’ అని గాని ‘మెస్టా’ అని గాని మాత్రమే రాసి ఉంటే రైతు రకం పేరు అడిగి తెలుసుకోవాలి.

సొంత విత్తనం దాచుకునే రైతు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఈ రెండు జాతుల మధ్య సహజ సంకరణ భయం లేదు గనుక, కల్తీ మొక్కలను పూత దశలో రక్షకపత్రావళిని చూసి పీకివేస్తే విత్తనం శుద్ధమవుతుంది. ఇక ఒకే జాతిలోని రకాల మధ్య పరిస్థితి వేరు. రోజెల్‌లో ఆత్మపరాగ సంపర్కమే ప్రధానం. కెనాఫ్ కూడా ప్రధానంగా ఆత్మపరాగ సంపర్కం జరుపుకునేదే అయినా తేనెటీగల వలన పరపరాగ సంపర్కం చెప్పుకోదగినంత జరుగుతుంది. కాబట్టి కెనాఫ్ విత్తన క్షేత్రాన్ని మరొక కెనాఫ్ రకానికి దూరంగా ఉంచడం అవసరం. నూర్చేటప్పుడు కళ్లాన్ని, గోనెసంచులను శుభ్రపరచడం రెండింటికీ తప్పనిసరి.

ముగింపు

నీటి వసతి లేని ఎత్తైన మెట్టకు, నులిపురుగులున్న తేలిక నేలకు, పులుపు ఎక్కువైన ఆకుకు, రక్షకపత్రాలకు రోజెల్ తగినది. తేమ నిలిచే నేలకు, తక్కువ కాలంలో నార తీసి ఉలవలు వేయదలచిన పొలానికి కెనాఫ్ తగినది. మురుగు పోని చేలో రోజెల్‌నూ, కూరగాయల తరువాత తేలిక నేలలో కెనాఫ్‌నూ విత్తరాదు. ఈ నిర్ణయం విత్తే రోజుకు ముందే జరగాలి, ఎందుకంటే లేత మొక్కను చూసి జాతిని పోల్చడం కష్టం, పువ్వును చూసి పోల్చే సమయానికి పంటకాలం చివరకు వస్తుంది. విత్తన సంచుల మీద, విస్తరణ సిఫారసుల్లో, గణాంకాల నమోదులో ఈ రెండు జాతులను వేర్వేరు పేర్లతో పేర్కొనడం ఆచారమైతే, తన పొలానికి తగిన గోగును విత్తే దశలోనే ఎంచుకునే వీలు రైతుకు కలుగుతుంది.